దాత తప్పుకున్నాక సిమ్ రీచార్జ్ ఎవరిది? విశాఖ టీకా వ్యవస్థపై ఒక కేస్ స్టడీ

పట్టణ ఆరోగ్య కేంద్రంలో మందుల గది మూల ఒక ఐఎల్ఆర్ ఉంటుంది. పైకి తెరుచుకునే మూత ఉన్న పెట్టె ఫ్రిజ్. దాని పక్కన గోడకి అరచేతిలో పట్టేంత టెంపరేచర్ లాగర్, అందులో ఒక సిమ్ కార్డు. లోపల వేలాడే ప్రోబ్ పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత నమోదు చేస్తుంది, గంటకోసారి ఆ లెక్క సర్వర్‌కి చేరుతుంది. 2 డిగ్రీల కిందికి దిగినా, 8 డిగ్రీలు దాటినా కోల్డ్ చైన్ హ్యాండ్లర్, అంటే టీకాల చల్లదనం చూసుకునే ఉద్యోగి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఈవిన్ అని పిలిచే ఈ ఏర్పాటు మన దేశంలో గావి అనే అంతర్జాతీయ టీకా కూటమి డబ్బుతో మొదలైంది, నడిపింది ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ. తొలి విడతలో 12 రాష్ట్రాలకు వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఆ తర్వాత చేరింది.

లాగర్ కొనడం ఒక్కసారి ఖర్చు. దాని సిమ్‌కి డేటా ప్రతి నెలా కావాలి. బ్యాటరీ కొన్నేళ్లకి పోతుంది. ప్రోబ్ తీగ మూత సందులో నలిగి తెగుతుంది. హ్యాండ్లర్‌కి బదిలీ అయితే ఫోన్ నంబరు మార్చాలి. జిల్లాలో ఈ పరికరాలన్నింటినీ కనిపెట్టుకుని ఉండే వ్యాక్సిన్ కోల్డ్ చైన్ మేనేజర్‌కి జీతం కావాలి. ఇవన్నీ చిన్న ఖర్చులే. అంతర్జాతీయ నిధుల మీద నిలబడ్డ పని సాధారణంగా ఆగిపోయేది ఈ చిన్న ఖర్చుల దగ్గరే. టీకా ఆగదు, దాని చుట్టూ ఉన్న చాకిరీ ఆగుతుంది. ఈ కేస్ స్టడీ ఆ చాకిరీ గురించి. పరిధి విశాఖ నగరం, కాలం 2014 హుద్‌హుద్ తుపాను నుంచి ఇప్పటిదాకా.

బయటి డబ్బు అంతా ఒకటి కాదు

గావి 2000లో మొదలైంది. డబ్ల్యూహెచ్ఓ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు, గేట్స్ ఫౌండేషన్ అందులో మూలస్తంభాలు. తొలి ఐదేళ్లకి గేట్స్ ఫౌండేషన్ 75 కోట్ల డాలర్లు ఇస్తామంది. పేద దేశాలు విడివిడిగా బేరమాడితే టీకా కంపెనీలు పట్టించుకోవు. అందరి అవసరాన్నీ ఒక మూటగా కట్టి, ఇన్నేళ్లపాటు ఇన్ని డోసులు కొంటామని మాట ఇస్తే ధర దిగుతుంది. కూటమి బలం అక్కడుంది. 2006లో దీనికి మరో దారి కలిసింది. దాత దేశాలు రాబోయే ఏళ్లలో ఇస్తామన్న సొమ్మును హామీగా చూపి బాండ్లు అమ్మి, ఆ డబ్బును ముందే టీకాలకు వాడటం మొదలైంది. ఈ పద్ధతి పేరు ఐఎఫ్ఎఫ్ఐఎం. 2009లో న్యుమోనియా లాంటి జబ్బులను ఆపే న్యుమోకోకల్ టీకా కోసం 150 కోట్ల డాలర్లతో ముందస్తు కొనుగోలు హామీ వచ్చింది. గిరాకీ ఖాయమని తెలిస్తేనే కంపెనీలు కొత్త ఫ్యాక్టరీ కడతాయి కాబట్టి ఆ హామీ.

మన దేశానికి వస్తే లెక్క వేరు. 2016–21 మధ్య గావి మనకు 50 కోట్ల డాలర్ల దాకా కేటాయించింది. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఏటా రెండున్నర కోట్లకు పైగా పిల్లలు పుట్టే దేశంలో, 1985 నుంచి నడుస్తున్న సార్వత్రిక టీకా కార్యక్రమం ఖర్చులో ఎక్కువ భాగం మన బడ్జెట్‌దే. 2020లో భారత్ గావికి తానే 1.5 కోట్ల డాలర్లు ప్రకటించి దాతల వరసలో కూడా నిలబడింది. ఆ తర్వాత 2022–26కి గావి వాటా 25 కోట్ల డాలర్లకు తగ్గింది. ఒక్క టీకా కూడా అందని పిల్లల్ని చేరుకోవడం ఇప్పుడు అందులో ముఖ్యమైన పని. బయటి డబ్బు మనకి పోపులో ఇంగువ లాంటిది. కొలత చిన్నదే, ఎప్పుడు వేశామన్నదే ముఖ్యం.

ఆ డబ్బు మూడు రకాలుగా వస్తుంది. మొదటిది టీకా కొనుగోలుకి ఇచ్చే సాయం. రెండోది ఆరోగ్య వ్యవస్థ బలోపేతం కోసం ఇచ్చే గ్రాంటు. లాగర్లు, శిక్షణ, ప్రచార సామగ్రి, కోల్డ్ చైన్ నిపుణులు ఇందులోంచి వస్తారు. ఇందులో పెద్ద భాగం ప్రభుత్వ ఖజానాకి రాకుండా యూఎన్‌డీపీ, యునిసెఫ్, డబ్ల్యూహెచ్ఓ లాంటి సంస్థల ద్వారా నడుస్తుంది. మూడోది అప్పు. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య వ్యవస్థల బలోపేత ప్రాజెక్టుకి ప్రపంచ బ్యాంకుతో 32.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది, అది అప్పు. వడ్డీతో సహా తిరిగి కట్టాలి.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి 'ఫండ్స్ వచ్చాయి' అనేస్తే జిల్లా స్థాయిలో ఎవరికీ ఏదీ అర్థం కాదు. టీకా సాయం డోసుల రూపంలో స్టోర్‌కి వస్తుంది. గ్రాంటు మనుషుల రూపంలో, పరికరాల రూపంలో వస్తుంది. అప్పు మాత్రం రాష్ట్రం ముందు ఖర్చు పెట్టి, ఫలితం చూపించాకే వస్తుంది.

చేతులు మారడం సాఫీగా జరిగిన చోట

పసిపిల్లల విరేచనాలను ఆపే రోటా టీకా సంగతి చూద్దాం. 2016 మార్చి 26న దేశంలో దీన్ని మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతా మూడు ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ వెనక కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, పాత్ అనే అంతర్జాతీయ ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషన్, అమెరికా పరిశోధన సంస్థలు అన్నీ ఉన్నాయి. కంపెనీ ముందే ఒప్పుకున్న ధర డోసుకి ఒక డాలరు. అంటే అంతర్జాతీయ డబ్బు ఇక్కడ పరిశోధన దశలోనే పడింది. టీకా బయటికొచ్చేసరికి మన బడ్జెట్ మోయగలిగే ధరలో ఉంది. కార్యక్రమంలోకి వచ్చిన మొదటి రోజే దానికి సొంత పద్దు ఉంది. 6, 10, 14 వారాలకు ఐదేసి చుక్కలు. 2019కల్లా దేశమంతా విస్తరించింది.

న్యుమోకోకల్ టీకాది ఇంకో దారి. మొదట ధర భరించలేనిది. 2017లో హిమాచల్‌లో, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల కొన్ని జిల్లాల్లో గావి సాయంతో మొదలైంది. ముందస్తు కొనుగోలు హామీ వల్ల కంపెనీలు ముందుకొచ్చాయి. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ న్యుమోసిల్ తెచ్చాక గావి దేశాలకు డోసు 2 డాలర్లకి దిగింది. 2021లో దేశమంతటికీ విస్తరించినప్పుడు ఆ భారం మన బడ్జెట్ ఎత్తుకోగలిగింది. 6 వారాలు, 14 వారాలు, 9 నెలలు: మూడు డోసులు.

పోలియో సూది విషయంలో డబ్బు కన్నా నైపుణ్యం పనికొచ్చింది. 2016లో ప్రపంచమంతా ఈ సూది టీకా ఐపీవీకి కొరత. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఎనిమిది రాష్ట్రాలు పూర్తి డోసు 0.5 మిల్లీలీటర్ల బదులు ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు చర్మం పొరలోకి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇప్పుడు 6, 14 వారాలకు కుడి భుజం, 9 నెలలకు ఎడమ భుజం. 0.1 ఏడీ సిరంజి (ఒక్కసారి వాడాక తానే లాక్ అయ్యేది) ఉండాలి, సూదిని చర్మానికి దాదాపు సమాంతరంగా పెట్టాలి, చిన్న బొబ్బ లేవాలి. బొబ్బ లేవలేదంటే సూది లోతుకి దిగినట్టు. ఇది చేతికి రావాలంటే ఒక రోజు క్లాసు చాలదు. పక్కన సూపర్‌వైజర్ నిలబడి చూసే సెషన్లు కావాలి. శిక్షణ గ్రాంటులో పవర్‌పాయింట్‌కి డబ్బు ఉండి ఈ తోడు పర్యవేక్షణకి డబ్బు లేకపోతే ఆ గ్రాంటు సగం వృథా.

ఈ మూడు టీకాలకీ బయటి డబ్బు తప్పుకునేసరికి లోపలి పద్దు తయారుగా ఉంది. వ్యవస్థ వైపు చూస్తే ఇంత సాఫీగా లేదు.

చల్లదనం లెక్క

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. కోల్డ్ చైన్ ప్రణాళిక రాసే ఎవరైనా ఆ తేదీని ఎదురుగా పెట్టుకోవాలి. డబ్ల్యూహెచ్ఓ ప్రమాణాల ప్రకారం ఐఎల్ఆర్ చుట్టూ 43 డిగ్రీల వేడి ఉన్నప్పుడు కరెంటు పోయాక కనీసం 20 గంటలు లోపలి చల్లదనం నిలవాలి. మూత తెరవకపోతేనే ఆ 20 గంటలు. సోలార్ డైరెక్ట్ డ్రైవ్ ఫ్రిజ్‌కి ఎండ లేకున్నా మూడు రోజులు నిలవాలన్నది నియమం. మొదటి దానికి జనరేటర్ తప్పనిసరి, జనరేటర్‌కి డీజిల్, డీజిల్‌కి ముందే మంజూరైన ముందస్తు సొమ్ము. తుపాను హెచ్చరిక వచ్చాక ఫైలు కదిలిస్తే కాదు. అందుకే తీరప్రాంత కేంద్రాలకి రెండు పనులు ముందే జరగాలి. ఒకటి, హెచ్చరిక రాగానే ఏ కేంద్రం టీకాలు ఏ పెద్ద స్టోర్‌కి తరలించాలో, ఏ బండిలోనో, ఎన్ని కోల్డ్ బాక్సులో కాగితం మీద ఉండాలి. రెండు, ఆ కాగితం ఐఎల్ఆర్ మూత మీదే అతికించి ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు.

లాగర్ల విషయంలో తరచూ జరిగే పొరపాట్లు చిన్నవే. ప్రోబ్‌ని లోపలి గోడకి ఆనించి పెడితే అసలు కన్నా చల్లగా చూపిస్తుంది. దాన్ని చూసి హ్యాండ్లర్ థర్మోస్టాట్ తిప్పేస్తాడు, బుట్టలో పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి ఒకే టీకా) వేడెక్కుతుంది. ప్రోబ్ వయల్స్, అంటే టీకా సీసాల మధ్యన బుట్టలో ఉండాలి. మూత తెరిచి సరుకు సర్దుతున్నప్పుడు వచ్చే మెసేజ్‌లు నిజమైన ప్రమాదపు మెసేజ్‌లతో కలిసిపోయి, నెల తిరిగేసరికి ఎవరూ వాటిని చూడరు. సరుకు సర్దే సమయాన్ని వారంలో ఒక రోజు ఉదయానికి కుదించుకుంటే ఆ గోల తగ్గుతుంది. వోల్టేజ్ స్టెబిలైజర్ లేకుండా ఐఎల్ఆర్ నడపకూడదు. స్టెబిలైజర్ ఫ్యూజ్ పోతే కేంద్రంలో ఒక స్పేర్ ఉండాలి. లాగర్ ఉంది కదా అని ఉదయం, సాయంత్రం పుస్తకంలో చేతిరాతతో ఉష్ణోగ్రత రాయడం మానకూడదు. సిమ్ బ్యాలెన్స్ అయిపోయిన రోజున మిగిలే సాక్ష్యం ఆ పుస్తకమే.

బయటికి తీసుకెళ్లేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. వేడి కన్నా గడ్డకట్టడం ఎక్కువ నష్టం చేస్తుంది, పైగా కంటికి కనిపించదు. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, డీపీటీ, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా), ఐపీవీ, పీసీవీ (న్యుమోకోకల్ టీకా) గడ్డకడితే పనికిరావు. వయల్ మీద ఉండే వీవీఎం అనే రంగు మారే గుర్తు వేడిని మాత్రమే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు ఐస్‌ప్యాక్‌లు పెడతాం. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టేస్తే గోడవైపు వయల్స్ గడ్డకడతాయి. బల్ల మీద వరసగా పరిచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగాలి. విశాఖలో ఇక్కడే చాలామంది మోసపోతారు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఐస్‌ప్యాక్‌కి బయట చెమట నిమిషాల్లో పడుతుంది. లోపల ఇంకా రాయిలా ఉంటుంది. చెమటని చూసి కదలకూడదు, చప్పుడు వినాలి. ఉదయం సెషన్‌కి తొమ్మిదింటికి బయల్దేరాలంటే ఐస్‌ప్యాక్‌లు బయటికి తీసే పని అంతకు ముందే, మొదట జరగాలి. అంటే ఆ సమయానికి కేంద్రం తలుపు తీసే మనిషి కావాలి. ఆ మనిషికి ఇచ్చేది ఏ పద్దులోంచి అన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

యాభై వేల జనాభాకి నెలకి ఎంత

పట్టణ ఆరోగ్య మిషన్ కొలత ప్రకారం యాభై వేల జనాభాకి ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం. ఉదాహరణకి జననాల రేటు వెయ్యికి 16 అనుకుందాం. ఏడాదికి 800 కాన్పులు, శిశు మరణాలు తీసేస్తే సుమారు 780 మంది, నెలకి 65 మంది.

పెంటావాలెంట్ మూడు డోసులు: 65 × 3 = 195. పది శాతం వృథాకి 1.11తో గుణిస్తే 217 డోసులు. పది డోసుల వయల్స్ 22. పాతిక శాతం బఫర్ కలిపితే 28 వయల్స్. తట్టు–రుబెల్లా (ఎంఆర్) రెండు డోసులు: 65 × 2 = 130, పాతిక శాతం వృథాకి 1.33 గుణకం, 173 డోసులు, ఐదు డోసుల వయల్స్ 35. ఎంఆర్ వయల్స్ ఎన్నో, పొడి టీకాని కలిపే ద్రవం డైల్యూయెంట్లు అన్ని, కలిపే 5 మిల్లీలీటర్ల సిరంజిలు అన్ని. డైల్యూయెంట్ కూడా వాడే ముందు రోజంతా ఐఎల్ఆర్‌లో చల్లబడి ఉండాలి. టీకా ఉండి డైల్యూయెంట్ లేక సెషన్ ఆగిపోవడం కొత్తేమీ కాదు. రెండూ వేరే వేరే ఇండెంట్లుగా రాసే అలవాటే కారణం. పెంటావాలెంట్, పీసీవీ, ఎంఆర్ కలిపి 0.5 ఏడీ సిరంజిలు 520, వృథాతో 578. ఎఫ్ఐపీవీకి, అంటే ఐదో వంతు పోలియో సూదికి, 0.1 సిరంజిలు 195, వృథాతో 217. డీపీటీ బూస్టర్లు, టీడీ దీనికి అదనం.

ఎంఆర్, బీసీజీ కలిపాక నాలుగు గంటలే పనికొస్తాయి. మిగతా చాలా ద్రవ టీకాలకు ఓపెన్ వయల్ విధానం కింద 28 రోజులు. ఒక వార్డు సెషన్‌కి ముగ్గురు పిల్లలే వచ్చారనుకుందాం. ఎంఆర్ వయల్ తెరిస్తే రెండు డోసులు పారేయాలి. అంటే 40 శాతం వృథా. నెలాఖరు సమీక్షలో వృథా శాతం ఎందుకు పెరిగిందని నిలదీస్తారన్న భయంతో 'వచ్చే వారం రండమ్మా' అని పంపేస్తే ఆ తల్లి మళ్లీ రాకపోవచ్చు. నియమం స్పష్టంగా ఉంది: ఒక్క బిడ్డ వచ్చినా వయల్ తెరవాలి. దాత నివేదికల్లో వృథా తగ్గింపును ఫలితంగా కొలిచే ప్రతి చోటా ఈ నియమం మీద ఒత్తిడి పడుతుంది. అందుకే వృథా సూచికను ఎప్పుడూ ఒంటరిగా చూడకూడదు, అందుకోని పిల్లల సంఖ్య పక్కన పెట్టి చూడాలి.

హారం ఎవరిది

దాతలైనా బ్యాంకైనా అడిగేది శాతం. శాతానికి కింద ఉండే సంఖ్య, అంటే హారం, విశాఖలో కుదురుగా ఉండదు. ఈ కేసులో అన్నింటికన్నా చిక్కైన భాగం ఇదే.

విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి ఉత్తరాంధ్ర మొత్తం నుంచి కాన్పులు వస్తాయి. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు కొండల నుంచి వచ్చిన తల్లుల బిడ్డలకు ఇక్కడే పుట్టిన 24 గంటల్లో హెపటైటిస్ బి, దాంతోపాటు బీసీజీ, పోలియో జీరో డోసు పడతాయి. అవన్నీ విశాఖ లెక్కలో చేరితే పుట్టిన రోజు టీకాలు నగరపు అంచనా జననాలను మించిపోతాయి. ఆరు వారాలకి ఆ బిడ్డలు వాళ్ల ఊళ్లో ఉంటారు. విశాఖ పట్టికలో బీసీజీ నుంచి పెంటా–1కి, అంటే పెంటావాలెంట్ మొదటి డోసుకి, పెద్ద పతనం కనిపిస్తుంది. దాన్ని చూసి 'డ్రాపౌట్ ఎక్కువ' అని రాస్తే తప్పు. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయాక ఈ గీత మరింత పదునైంది. ఒకప్పుడు జిల్లా లోపల సర్దుకుపోయిన లెక్క ఇప్పుడు జిల్లా గీత దాటుతోంది.

రెండోది పుట్టింటి ఆనవాయితీ. తొలిచూలు పురిటికి పుట్టింటికి వెళ్లడం, మూడు నెలలకో ఐదు నెలలకో బిడ్డతో అత్తింటికి రావడం. గాజువాక కోడలి బిడ్డకి పెంటా–1 నర్సీపట్నంలో పడితే గాజువాక ఏఎన్ఎం దగ్గరున్న, టీకా వేయాల్సిన పిల్లల డ్యూ లిస్టులో ఆ బిడ్డ ఒక్క టీకా లేని బిడ్డ. నర్సీపట్నం ఏఎన్ఎం లిస్టులో మధ్యలో మానేసిన బిడ్డ. ఒకే బిడ్డ రెండు చోట్లా లోపంగా కనిపిస్తుంది. తల్లి చేతిలో కార్డు ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సెషన్లో చెప్పాల్సిన నాలుగు మాటల్లో చివరిది అందుకే అంత ముఖ్యం: ఏ టీకా వేశాం, ఏమవ్వచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు దాచుకుని ప్రతిసారీ తీసుకురండి. 2023 జనవరిలో ప్రయోగాత్మకంగా మొదలైన ఆన్‌లైన్ టీకా నమోదు వ్యవస్థ యూ–విన్ ఈ చిక్కు కోసమే వచ్చింది. ఎక్కడ టీకా వేసినా ఒకే రికార్డు. కానీ తల్లి రెండు ఫోన్ నంబర్లు ఇస్తే రెండు రికార్డులవుతాయి. పురిటి ముందు తన ఫోన్, తర్వాత భర్త ఫోన్. నమోదు చేసేటప్పుడు 'ఇంతకు ముందు ఎక్కడైనా టీకా వేయించారా, ఏ నంబరు ఇచ్చారు' అని అడగడం ఒక్కటే దీనికి మందు.

మూడోది సముద్రం. జాలరిపేటలో ఉదయం తొమ్మిదింటి సెషన్ అంటే తల్లులు లేని సెషన్. తెల్లవారుజామున హార్బర్‌లో వేలం, అక్కడి నుంచి తట్ట ఎత్తుకుని వీధుల్లో అమ్మకం. ఇంట్లో బిడ్డని చూసుకునేది అమ్మమ్మో నాయనమ్మో. టీకాకి ఒప్పుకునే అధికారం తనది కాదని ఆవిడ అనుకుంటుంది. సెషన్‌ని మధ్యాహ్నం మూడింటికి మార్చితే తల్లులు దొరుకుతారు. దానికి ఐస్‌ప్యాక్‌లు రెండో విడత సిద్ధం చేయాలి, సాయంత్రం మిగిలిన వయల్స్ తిరిగి ఐఎల్ఆర్‌కి చేరాలి, అంటే టీకా తెచ్చే మనిషికి రెండో ప్రయాణం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉండే ఆ రోజులు మిగిలిపోయిన డోసులు పూర్తి చేయడానికి ఏడాదిలో అనువైన కాలం. కేంద్ర స్థాయిలో తేదీలు నిర్ణయమయ్యే ప్రత్యేక డ్రైవ్‌లు దీన్ని చూడవు. 2017 అక్టోబర్‌లో మొదలైన ఇంటెన్సిఫైడ్ మిషన్ ఇంద్రధనుష్ అయినా, 2023లో ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా నడిచిన ఐదో విడత అయినా వేట సాగే కాలంలోనే పడ్డాయి. ఆ డ్రైవ్‌లు వద్దని కాదు, జాలరి వార్డులకి వేసవి సెషన్ క్యాలెండర్ వేరేగా ఉండాలి.

మధురవాడ వైపు కట్టడాల దగ్గరకి ఒడిశా నుంచి వచ్చే కూలీల కుటుంబాలు ఓటరు జాబితాలో లేవు, వార్డు సచివాలయం ఇళ్ల జాబితాలోనూ చాలాసార్లు ఉండవు. టీకా సెషన్ల స్థానిక ప్రణాళిక అయిన మైక్రోప్లాన్‌లో వీళ్లని హై రిస్క్ ప్రాంతాలుగా రాయాలి. పేరు రాస్తే సరిపోదు. సైట్ మేస్త్రీ ఫోన్ నంబరు, గుడారాల సంఖ్య, ఎప్పటిదాకా ఉంటారు, ఒడియా వచ్చిన ఆశా ఎవరు అన్నవి రాయాలి. ఆ నాలుగు గళ్లు ఖాళీగా ఉన్న మైక్రోప్లాన్ కాగితమే.

అప్పు నడిచే తీరు

ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టు టీకాల కోసం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నాణ్యత, సేవల విస్తృతి దాని లక్ష్యాలు. కానీ టీకా గది కూడా ఆ భవనంలోదే. నాణ్యతా ధ్రువీకరణ కోసం కేంద్రాన్ని సిద్ధం చేసినప్పుడు జనరేటర్, ఎర్తింగ్, చేతులు కడుక్కునే సింక్, టీకా తర్వాత వచ్చే ఇబ్బందులకి వాడే ఏఈఎఫ్ఐ కిట్, వాడిన సూదుల హబ్ కట్టర్, వ్యర్థాల గుంత అన్నీ తనిఖీలోకి వస్తాయి. టీకా గ్రాంటుతో తీరని అవసరాలు ఇక్కడ తీరతాయి. ఈ రెండు డబ్బుల్ని ఒకే కేంద్రం మీద కలిపి ప్లాన్ చేసే మనిషి జిల్లాలో ఉండాలి. జిల్లా టీకా అధికారి (డీఐఓ) ఒక ఫైలు, ప్రాజెక్టు విభాగం ఇంకో ఫైలు నడుపుకుంటే ఒకే గదికి రెండు స్టెబిలైజర్లు వస్తాయి, పక్క కేంద్రానికి ఒక్కటీ రాదు.

ఇలాంటి అప్పుల్లో సొమ్ము ముందుగా నిర్ణయించిన సూచికలకి ముడిపడి ఉంటుంది. రాష్ట్రం ఖర్చు పెడుతుంది, ఫలితం సాధిస్తుంది, బయటి సంస్థ వచ్చి సరిచూస్తుంది, ఆ తర్వాత కేంద్ర ఆర్థిక శాఖలోని సాయం, లెక్కల విభాగం ద్వారా సొమ్ము వస్తుంది. ఫలితం చూపడం అంటే కాగితం చూపడమే. రిజిస్టర్‌లో తేదీ లేకపోతే, టాలీ షీట్‌కీ నెల నివేదికకీ తేడా ఉంటే, చేసిన పని కూడా చేయనట్టే. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. కొలిచేది మాత్రమే జరుగుతుంది, కొలవనిది వెనకబడుతుంది. ఏఎన్ఎం రోజులో సగం రికార్డులకే పోతే జాలరిపేట మధ్యాహ్నం సెషన్‌కి వెళ్లేది ఎవరు?

అప్పగింత కాగితం

గ్రాంటుతో వచ్చిన ప్రతి వస్తువుకీ, ప్రతి మనిషికీ మొదటి నెలలోనే ఒక వరస రాయాలి. గళ్లు ఐదు: ఏమిటి, ఇప్పుడు డబ్బు ఎవరిది, ఏ నెల దాకా, ఆ తర్వాత ఏ పద్దు, ఒప్పుకున్నట్టు ఎవరి సంతకం. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ వస్తువు అప్పగింత జరగనట్టే, అది ఎంత చక్కగా పనిచేస్తున్నా.

ఈ కాగితానికి గడువు ఉంది. జాతీయ ఆరోగ్య మిషన్‌కి రాష్ట్రం పంపే పీఐపీ అనే అమలు, ఖర్చుల ప్రణాళిక ఇప్పుడు రెండేళ్లకోసారి: 2022–24, తర్వాత 2024–26. కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. జిల్లా ప్రతిపాదనలో లేని పద్దు ఆ రెండేళ్లూ ఉండదు, అనుబంధ పీఐపీ కోసం మళ్లీ తిరగాలి. గ్రాంటు ముగిసే నెల ఆర్థిక సంవత్సరం మధ్యలో పడితే మధ్యలో ఖాళీ నెలలు వస్తాయి. కాంట్రాక్టు మేనేజర్ ఆ ఖాళీ నెలల్లోనే వేరే ఉద్యోగం చూసుకుంటాడు, అతనితో పాటు ఏ కేంద్రంలో ఏ సిమ్ ఉందన్న తెలివిడి కూడా వెళ్లిపోతుంది. అందుకే ఆ పోస్టు వరస పక్కన ఇంకో మాట రాయాలి: సిమ్ నంబర్లు, లాగర్ సీరియల్ నంబర్లు, హ్యాండ్లర్ల ఫోన్లు ఉన్న రిజిస్టర్ కాపీ డీఐఓ ఆఫీసులో ఉండాలి, ప్రతి మూడు నెలలకీ సరిచూడాలి.

మంజూరైన సొమ్ము ఖర్చు కాకపోవడం కూడా అప్పగింతని చెడగొడుతుంది. యూసీ, అంటే సొమ్ము వాడినట్టు ధ్రువపత్రం, సకాలంలో వెళ్లకపోతే తర్వాతి విడత ఆగుతుంది. ఆగిన విడత మొదట తగిలేది ఆశాకి. బిడ్డకి ఏడాదిలోపు టీకాలన్నీ వేయిస్తే 100 రూపాయలు, రెండో ఏడాది కూడా పూర్తి చేయిస్తే 75 అన్నది జాతీయ ప్రోత్సాహకం. ఎండలో ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చిన మనిషికి ఆ 100 రూపాయలు ఆరు నెలలు ఆలస్యమైతే, కోట్ల డాలర్ల భాగస్వామ్యం మీద ఆమెకు నమ్మకం ఎందుకుండాలి?

2025 జూన్‌లో బ్రసెల్స్‌లో గావి నిధుల సమావేశం జరిగింది. 2026–30కి 1,190 కోట్ల డాలర్లు లక్ష్యం పెట్టుకుంటే 900 కోట్లకు పైగా హామీలు వచ్చాయి. అమెరికా ఇకపై ఇవ్వనంది. దేశంలో ఒక్క టీకా అందని పిల్లలు 2023లో 16 లక్షలు, 2024లో 9 లక్షలు అని డబ్ల్యూహెచ్ఓ, యునిసెఫ్ అంచనా. మిగిలిన ఆ 9 లక్షల్ని చేరడం మొదటి 7 లక్షల్ని చేరినంత తేలిక కాదు. వాళ్లు ఉండేది గుడారాల్లో, బోట్ల దగ్గర, పుట్టింటికీ అత్తింటికీ మధ్య. ఒక్కో బిడ్డకి అయ్యే ఖర్చు పెరిగే వేళకే బయటి డబ్బు తగ్గుతోంది.

విశాఖ నుంచి తర్వాతి పీఐపీకి వెళ్లాల్సిన వరసలు ఇవి. లాగర్ల డేటా, బ్యాటరీలు, ప్రోబ్‌లు. కోల్డ్ చైన్ మేనేజర్ పోస్టు. తీరప్రాంత కేంద్రాలకి ఏటా అక్టోబర్ లోపు డీజిల్ ముందస్తు. జాలరి వార్డుల మధ్యాహ్నం సెషన్లకి రెండో విడత టీకా రవాణా, ఏప్రిల్ 15 నుంచి అమల్లోకి వచ్చేలా. ఒడియా తెలిసిన ఆశాలకి కట్టడాల సైట్ల సర్వే రోజులు. ఉదయాన్నే తలుపు తీసి ఐస్‌ప్యాక్‌లు పరిచే మనిషికి గంటల లెక్కన కూలి. ప్రతి కేంద్రానికీ స్టెబిలైజర్ ఫ్యూజులు రెండు.